శాంటోరినీ కొండ అంచున బొటీక్ హోటల్: ఏ ఊళ్లో, ఏ గది తీసుకోవాలి?

కడలి లలిత | మార్చి 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది విశాఖ. సెప్టెంబరు రెండో వారానికి మా పెళ్లయి పదేళ్లు నిండుతాయి. ఎప్పటినుంచో ఇందుకోసమే దాచుకున్న డబ్బుంది, దానితో గ్రీస్ వెళ్దామని నిశ్చయించుకున్నాం. ఏథెన్స్ చూసుకుని శాంటోరినీ దీవికి వెళ్లాలి. అక్కడ కొండ అంచున తెల్లటి గుహ గదులు, గది ముందే ప్లంజ్ పూల్ (దిగి సేదతీరే చిన్న కొలను), కింద సముద్రం, కొద్ది గదులే ఉండే చిన్న బొటీక్ హోటల్‌లో ఉండాలన్నది నా కోరిక.

రేట్లు చూస్తే గుండె గుభేలుమంది. ఆ దీవిలోని ఓయా అనే ఊళ్లో నాకు నచ్చిన గది ఒక రాత్రికి 640 యూరోలు, అంటే దాదాపు 65 వేల రూపాయలు. ఇమెరోవిగ్లి అనే ఇంకో ఊళ్లో కాస్త తక్కువగా ఉంది. ఫోటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, తేడా ఎక్కడుందో తెలియడం లేదు.

మావారు శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మా అత్తయ్యగారు కూడా మాతో వస్తున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో అందరూ "ఆవిడ్ని తీసుకుని అక్కడికెందుకు" అంటున్నారు గానీ, ఆవిడను వదిలేసి వెళ్లడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, ప్లీజ్.

బెజవాడ చందు | మార్చి 4, రాత్రి 10:03

లలిత గారూ, ముందుగా శుభాకాంక్షలు. నా అభిప్రాయం మాత్రం వేరు. మేం అదే దీవిలో కమారీ బీచ్ దగ్గర ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, మీరు చెప్పిన రేటులో ఆరో వంతు కూడా కాలేదు. సముద్రం ఐదు నిమిషాల నడక, ఊరంతా చదును. అక్కణ్నుంచి ముఖ్య పట్టణం ఫిరాకి బస్సు, ఫిరాలో మారితే ఓయాకి ఇంకో బస్సు. ఆ సూర్యాస్తమయం అందరికీ ఒకటే కదా, దానికి టికెట్ లేదు. ఆ మిగిలిన డబ్బుతో క్రీట్ దీవి కూడా చూసి రావచ్చు. మీ అత్తయ్యగారి సంగతి ఆలోచిస్తే కమారీయే సుఖం.

డాలస్ సుధ | మార్చి 4, రాత్రి 11:40

చందు గారూ, మీ లెక్క సరైనదే. కానీ లలిత గారు అడుగుతున్నది చూసి రావడం గురించి కాదు, అక్కడ ఉండటం గురించి. ఆ రెండూ ఒకటి కావని నేను గట్టిగా చెప్పగలను.

పగలు ఓయా ఇరుకు దారుల్లో అడుగు వేయడానికి చోటుండదు. క్రూయిజ్ ఓడల్లో వచ్చేవాళ్లే రోజుకి 8,000 మందికి మించకూడదని అక్కడ పరిమితి పెట్టారంటే రద్దీ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించండి. బస్సులో వచ్చి సాయంత్రం, అందరూ సూర్యాస్తమయం చూసే పాత కోట దగ్గర నిలబడితే మీకు కనిపించేది ముందువాళ్ల ఫోన్లే. రాత్రి తొమ్మిది దాటాక ఊరు ఖాళీ అవుతుంది. పొద్దున్న ఎనిమిదిలోపు అయితే దారిలో పిల్లులు, సామాన్లు మోసే హోటల్ కుర్రాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అంచున ఉన్న గదికి మనం డబ్బు కట్టేది ఆ ఘడియల కోసం.

మా గదిలో పొద్దున్న టిఫిన్ టెర్రస్ మీదికే తెచ్చేవారు. తెల్లటి సున్నపు గోడకి ఆనించి కట్టిన అరుగు, దాని మీద నీలం దిండు. గట్టి పెరుగు మీద అక్కడి అడవి వాము పూల తేనె, చిన్న టమాటాలతో వేసిన వడలు, వేడి రొట్టె. గిన్నెలు గాలికి కదలకుండా నాప్కిన్ అంచుల మీద ఒక్కో గులకరాయి పెట్టేది ఆ అమ్మాయి. కింద నీళ్లలో ఓడ ఒకటి మెల్లగా తిరుగుతుంటే దాని వెనక తెల్లటి గీత చాలాసేపు చెరిగిపోకుండా ఉండేది. రోజంతా ఎక్కడికీ వెళ్లకపోయినా మాకు లోటనిపించలేదు.

అందుకే నా సలహా ఏమిటంటే, రాత్రులు తగ్గించుకోండి గానీ గది విషయంలో రాజీ పడకండి. కొండ అంచున రెండు రాత్రులు చాలు.

పిరాయస్ హరి | మార్చి 5, మధ్యాహ్నం 1:25

నమస్తే. నాది కాకినాడ. మెరైన్ ఇంజినీర్‌ని, ఓడల మరమ్మతు పనిలో ఏథెన్స్ రేవు పిరాయస్‌లోనే ఉంటున్నాను. పని మీద, ఇంటికొచ్చే చుట్టాలతోనూ ఆ దీవికి వెళ్తూనే ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు భూగోళం. దీవి చంద్రవంక ఆకారంలో ఉంటుంది. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం బద్దలై మధ్యభాగం కూలిపోయింది. ఆ గుంటలోకి సముద్రం వచ్చింది, దాన్నే కాల్డెరా అంటారు. చంద్రవంక లోపలి అంచు నిట్టనిలువు కొండచరియ. ఫోటోల్లో కనిపించే ఊళ్లన్నీ ఆ అంచు మీదే ఉన్నాయి. బయటి వైపు నేల మెల్లగా వాలుతూ నల్ల ఇసుక బీచ్‌ల దాకా పోతుంది. కమారీ, పెరిస్సా అటువైపువి.

అంచు మీద ఉత్తరపు కొసన ఓయా. దక్షిణంగా వస్తే ఇమెరోవిగ్లి, తర్వాత ఫిరోస్తెఫానీ, ఆ పక్కనే ముఖ్య పట్టణం ఫిరా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓయా అంటే సూర్యాస్తమయం అని పేరు పడింది కదా, కానీ అక్కడి హోటళ్లలో చాలా వాటి ముఖం దక్షిణానికి, కాల్డెరా వైపుకి ఉంటుంది. వేసవిలో సూర్యుడు వాయవ్యానికి జరిగి దిగుతాడు. గది టెర్రస్ మీద నీడ పడిపోతుంది, సూర్యుణ్ని చూడాలంటే లేచి ఊరి చివరకి, ఆ గుంపులోకే నడవాలి. ఇమెరోవిగ్లి, ఫిరోస్తెఫానీ తిన్నగా పడమర చూస్తాయి. సెప్టెంబరులో సూర్యుడు ఎదురుగా థిరాసియా దీవి వెనక్కి దిగుతాడు, మీరు కుర్చీలోంచి లేవనక్కర్లేదు. ఆ రోజుల్లో ఏడున్నర ప్రాంతంలో పొద్దుగుంకుతుంది.

"కాల్డెరా వ్యూ", "సీ వ్యూ", "సన్‌సెట్ వ్యూ" అని మూడు రకాలుగా రాస్తారు. సీ వ్యూ అంటే దీవికి అవతలి వైపు, మామూలు సముద్రం కావచ్చు. కాల్డెరా వ్యూ ఉన్నంత మాత్రాన సూర్యాస్తమయం కనపడాలని లేదు. బుక్ చేసేముందు "సెప్టెంబరులో నా టెర్రస్ మీంచే సూర్యుడు దిగడం కనిపిస్తుందా" అని ఆ నెల పేరు పెట్టి మరీ మెయిల్‌లో అడగండి.

ఇక గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. కాల్డెరా ఊళ్లలో ఇమెరోవిగ్లియే అన్నిటికంటే ఎత్తు, సముద్రం మీంచి దాదాపు 300 మీటర్లు. గాలి అక్కడ బాగా తగులుతుంది. సెప్టెంబరుకి జోరు తగ్గుతుంది, మీరు మంచి నెలే ఎంచుకున్నారు. అయినా సాయంత్రానికి అత్తయ్యగారికి శాలువా తప్పనిసరి.

కడలి లలిత | మార్చి 5, సాయంత్రం 6:48

హరి గారూ, సుధ గారూ, చాలా థాంక్స్. నేను ఓయాలో చూసిన గది ఫోటోల్లో సూర్యుడు ఒక్కదాంట్లోనూ లేడని మీరు చెప్పాకే గమనించాను. చందు గారూ, కమారీ మాట కూడా మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు నా పెద్ద టెన్షన్ మెట్ల గురించే. హోటల్ వాళ్లని అడిగితే "కొన్ని మెట్లు ఉంటాయి మేడమ్" అంటున్నారు. కొన్ని అంటే ఎన్ని?

పాలమూరు శ్రీను | మార్చి 5, రాత్రి 8:30

అక్కా, ఆ "కొన్ని" అన్న మాటని నమ్మకండి. మేం అమ్మానాన్నలని తీసుకుని వెళ్లాం. హోటల్ పేరు రాయను. బుక్ చేసేటప్పుడు అమ్మకి కీళ్లనొప్పులని రాసి పంపినం, "ఏం ఇబ్బంది లేదు, మా పోర్టర్లు ఉన్నారు" అని జవాబిచ్చారు. పోర్టర్లు పెట్టెలని మోస్తారు, మనుషులని కాదు కదా. రోడ్డు మీద కారు దిగినాక రిసెప్షన్‌కి కిందికి మెట్లు, అక్కణ్నుంచి గదికి ఇంకా కిందికి. ఎత్తు కూడా ఒకటి జానెడు, ఒకటి మూరెడు. చాలాచోట్ల పట్టుకోడానికి కడ్డీ లేదు. అమ్మ ఒకసారి దిగినాక మళ్లీ పైకి రావడానికి భయపడి, రాత్రి భోజనం కూడా గదికే తెప్పించుకుంది. గది ఎంత బాగున్నా ఆమె ముఖంలో సంతోషం కనిపించలే. గది మార్చమంటే పై వరుసలో ఖాళీ లేదన్నారు.

అందుకని మీరు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. కారు ఆగే చోటు నుంచి రిసెప్షన్‌కి ఎన్ని మెట్లు? రిసెప్షన్ నుంచి మా గదికి ఎన్ని? టిఫిన్ గదికి తేకపోతే తినే చోటుకి ఎన్ని? అంకె చెప్పని హోటల్‌ని వదిలేయండి. ఆ అంచు మీద ఉన్న పాత ఇళ్లకి లిఫ్ట్ పెట్టే వీలు ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ లెక్కపెట్టి చెప్పడానికి ఏం కష్టం?

రవళి ఆర్కిటెక్ట్ | మార్చి 5, రాత్రి 10:15

శ్రీను గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ మెట్లు ఎందుకలా ఉన్నాయో చెబితే గది ఎంచుకోవడానికి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి, శాంటోరినీ ఇళ్లంటే నాకు ప్రాణం.

అక్కడ చెట్లు తక్కువ, అంటే దూలాలకి కలప లేదు. ఉన్నది అగ్నిపర్వతపు బూడిద, తేలికపాటి నురగరాయి, గట్టి లావా రాయి. ఆ బూడిద పొర తవ్వడానికి వీలయ్యేంత మెత్తన, తవ్వాక కూలకుండా నిలబడేంత గట్టి. కాబట్టి కొండ పక్కకి తవ్వుకుంటూ పోయి లోపల ఇళ్లు చేసుకున్నారు. వీటిని ఇపోస్కఫా అంటారు. అదే బూడిదను సున్నంతో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడే మిశ్రమం వస్తుంది. 19వ శతాబ్దంలో సూయెజ్ కాలువ పనులకి ఈ దీవి నుంచే ఆ మట్టిని ఓడల్లో తరలించారు. పైకప్పు కమానులా వంచి కట్టడానికి కూడా ఇదే ఆధారం. దూలం లేకుండా బరువు పక్క గోడల మీదికి దిగిపోతుంది.

ఇంటి ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. ముందు గోడలో మధ్యన తలుపు, అటూ ఇటూ కిటికీ, తలుపు పైన ఇంకో చిన్న కిటికీ. లోపల పడగ్గదికి, ముందు గదికి మధ్య ఉండే గోడలో కూడా సరిగ్గా ఇదే అమరిక. ఎందుకంటే వెనక అంతా కొండే, ఇంకెక్కడి నుంచీ వెలుతురు రాదు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది గానీ వెనక గదిలో గాలి ఆడదు. పాత గుహని సరిగ్గా బాగు చేయకపోతే తేమ వాసన వస్తుంది, గోడ సున్నం పొరలుగా ఊడుతుంది. లలిత గారూ, గది రివ్యూలు చదివేటప్పుడు "తేమ" అన్న మాట వెతకండి. మీ అత్తయ్యగారికి ఆయాసం లాంటిది ఉంటే పూర్తి గుహ గది వద్దు. ముందు భాగం కట్టి, వెనక కొంత మాత్రమే తవ్విన గదులు ఉంటాయి, అవి తీసుకోండి.

ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి. ఒక ఇంటి కప్పు పైవాళ్లకి వాకిలి. వాన నీళ్లు కప్పుల మీంచి జారి కింద తవ్విన తొట్టెల్లోకి చేరేవి. ఆ దీవిలో నదులు లేవు, అదే తాగునీరు. ఇప్పుడు బొటీక్ హోటళ్లలో మీరు చూసే గుహలోపలి కొలనుల్లో కొన్ని ఒకప్పటి ఆ నీటి తొట్టెలే, ఇంకొన్ని ద్రాక్షసారా తయారు చేసిన కానవాలు. గోడల మూలలు ఎక్కడా పదునుగా ఉండవు, ఏటా వేసిన సున్నం పొర మీద పొర చేరి గుండ్రంగా అయిపోయాయి. అక్కడికి వెళ్తే చేత్తో తడిమి చూడండి.

పిరాయస్ హరి | మార్చి 6, ఉదయం 11:50

రవళి గారూ, ఇంత బాగా ఇక్కడివాళ్లు కూడా చెప్పరు. ఓడలవాడిగా నేను ఒక ముక్క కలుపుతాను.

ఓయా 19వ శతాబ్దంలో తెరచాప ఓడల మీద బతికిన ఊరు. ఓడ యజమానులు, కెప్టెన్లు గట్టు మీద చదునుగా ఉన్న చోట రెండంతస్తుల మేడలు కట్టుకున్నారు. కింద చరియలోని గుహలు వాళ్ల దగ్గర పనిచేసిన నావికులవి. గాలికి, ఎండకి ఎదురుగా, నీళ్లు మోసుకుంటూ బతికిన పేదవాళ్ల ఇళ్లు అవి. ఆవిరి ఓడలు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. ఆపైన 1956 జూలై 9న పెద్ద భూకంపం వచ్చింది. యాభై మందికి పైగా పోయారు, ఇళ్లు వందల్లో కూలాయి, జనం ఏథెన్స్‌కి, పిరాయస్‌కి వలస వచ్చేశారు. ఊళ్లు దాదాపు పాడుబడ్డాయి. 1970ల్లో గ్రీకు పర్యాటక సంస్థ ఓయాలో పాత ఇళ్లని బాగు చేసి అతిథి గృహాలుగా మార్చడం మొదలుపెట్టింది. ఇవాళ్టి బొటీక్ హోటళ్ల పుట్టుక అక్కడిదే. నావికుడి గుహకి ఇప్పుడు కెప్టెన్ మేడ కంటే ఎక్కువ అద్దె.

లలిత గారికి పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. గట్టు మీద ఉన్న వరుసకి మెట్లు తక్కువ, కిందికి పోయేకొద్దీ దృశ్యం విశాలం, మెట్లు ఎక్కువ. ఫిరోస్తెఫానీలో గట్టు దారి చాలావరకు చదును. అక్కడ పై వరుసలో రెండు పడగ్గదుల సూట్ దొరికితే మీ ముగ్గురికీ సరిపోతుంది. ఫిరా పక్కనే కాబట్టి మందుల షాపు, డాక్టరు కూడా దగ్గర.

కడలి లలిత | మార్చి 6, మధ్యాహ్నం 3:20

ఫిరోస్తెఫానీ పేరే నేను వినలేదు, ఇప్పుడే చూస్తున్నాను. భూకంపం అన్నారు కదా, 2025లో కూడా వచ్చాయని వార్తల్లో చూసిన గుర్తు. అప్పుడు జనం దీవి వదిలి వెళ్లారు కదండీ. మావారికి ఈ మాట ఇంకా చెప్పలేదు.

పిరాయస్ హరి | మార్చి 6, సాయంత్రం 5:05

చెప్పండి, దాచాల్సింది కాదు. 2025 జనవరి చివర మొదలై ఫిబ్రవరి అంతా శాంటోరినీకి, అమోర్గోస్ దీవికి మధ్య సముద్రం కింద వేల సంఖ్యలో ప్రకంపనలు వచ్చాయి. పెద్దదాని తీవ్రత 5.3. పదివేల మందికి పైగా దీవి వదిలారు, పిరాయస్ రేవులో ఆ ఓడలు దిగినవాళ్లని నేను కళ్లారా చూశాను. పసిపిల్లలు, సంచులు, పంజరాల్లో పిల్లులు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, బడులు మూసేశారు. లోతున శిలాద్రవం కదలడం వల్ల అలా జరిగిందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత నెమ్మదించింది, ఆ వేసవిలోనే హోటళ్లు తెరిచారు. అగ్నిపర్వతపు దీవి కాబట్టి నిఘా ఎప్పుడూ ఉంటుంది. మీరు చేయగలిగింది ఏమిటంటే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రేటు తీసుకోవడం, గది నుంచి పైరోడ్డుకి వెళ్లే దారి మొదటి రోజే చూసుకోవడం.

లండన్ లక్ష్మి | మార్చి 6, రాత్రి 9:35

తిండి గురించి ఎవరూ రాయలేదు, అది నాకు వదిలేశారనుకుంటాను. మా ఇంట్లో కూడా అందరం శాకాహారులమే.

మీవారికి ఏ లోటూ ఉండదు. శాంటోరినీ ఫావా అని ఒకటి ఉంది. పసుపు పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, సన్నగా తరిగిన ఉల్లి వేసి ఇస్తారు. తింటే మన ముద్దపప్పే, నెయ్యి బదులు నూనె అంతే. మా అమ్మ బ్యాగులోంచి ఆవకాయ తీసి కలుపుకుంటే పక్క టేబుల్ వాళ్లు అదేమిటని అడిగి మరీ రుచి చూశారు. టొమాటోకెఫ్తేదెస్ అంటే టమాటా వడలు, గెమిస్తా అంటే బియ్యం కూరి కాల్చిన టమాటాలు, క్యాప్సికమ్. గిగాంతెస్ పెద్ద చిక్కుడు గింజల కూర. బ్రియామ్‌లో వంకాయ, ఆలు, గుమ్మడి జాతి కూరలు కలిపి కాలుస్తారు. అక్కడ తెల్ల వంకాయ పండుతుంది, గింజలు తక్కువ, చేదు ఉండదు. దొరికితే వదలకండి.

జాగ్రత్త ఒకచోట ఉంది. ఉపవాస దినాల వంటని వాళ్లు నిస్తీసిమో అంటారు. మాంసం, పాలు, గుడ్డు ఉండవని చెప్పి ఇంటర్నెట్‌లో శాకాహారులకి ఈ మాట నేర్పుతుంటారు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఆ వంటలో ఉండొచ్చు, వాళ్ల ఆచారంలో వాటికి అడ్డు లేదు. అందుకని "చేప, రొయ్య, గుడ్డు, మాంసం, వాటి రసం ఏదీ వద్దు" అని విడివిడిగా చెప్పండి. గెమిస్తాలో కొన్నిచోట్ల ఖీమా కూరతారు, అడిగి తినండి. చిన్న హోటళ్ల సుగుణం ఏమిటంటే ముందు రోజు రాత్రి చెబితే వంటమనిషే వచ్చి మాట్లాడతారు. మాకు గుడ్డు లేని టిఫిన్ రోజుకొకటి మార్చి చేసి పెట్టారు, అంత ఆదరం పెద్ద హోటళ్లలో నేను చూడలేదు.

కుళాయి నీళ్లు తాగొద్దు. సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తారు, స్నానానికి సరే. బాత్రూమ్‌లో పేపర్ కమోడ్‌లో వేయకూడదు, పక్కన డబ్బా ఉంటుంది. ఖరీదైన హోటళ్లలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి, పైపులు సన్నం.

ఇంకో దీవి గురించి ఆలోచిస్తారా? ఏథెన్స్‌కి దగ్గర్లో హైడ్రా ఉంది. కార్లు, స్కూటర్లు ఏవీ తిరగవు, సామాను గాడిదలు మోస్తాయి. రాతి మేడలు, పాత కార్ఖానాలు అందమైన చిన్న హోటళ్లయ్యాయి. నిశ్శబ్దం కావాలంటే అదే. అయితే అక్కడా రేవు దాటితే ఎత్తుపల్లాలే, మీ అత్తయ్యగారికి నడక తప్పదు.

బెజవాడ చందు | మార్చి 7, ఉదయం 8:10

ఇదంతా చదివాక కమారీ గురించి నేను మొండికేయను. ఉండాలనుకున్నవాళ్లు ఉండాల్సిందే. అయితే డబ్బు లెక్క నేను చెబుతాను.

గది రేటుకి తోడు గ్రీసు ప్రభుత్వం వాతావరణ రుసుము ఒకటి వసూలు చేస్తుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఐదు నక్షత్రాల హోటల్‌కి గదికి రాత్రికి 15 యూరోలు, నాలుగు నక్షత్రాలకి 10. మనిషికి కాదు, గదికి. ఇది చాలాసార్లు ఆన్‌లైన్ రేటులో కలవదు, హోటల్‌లో విడిగా కట్టించుకుంటారు. ఎయిర్‌పోర్ట్ నుంచి కారు ఉచితమా కాదా అడగండి.

గ్రీసుకి కావాల్సిన షెంజెన్ వీసా పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ అదనం. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ స్లాట్లు దొరకడం కష్టం, మే నెల దాటనివ్వకండి. వీసా పాస్‌పోర్టు మీద పడేదాకా వెనక్కి రాని రేటు మీద రూపాయి పెట్టొద్దు. నాన్‌రిఫండబుల్ కాస్త తక్కువ చూపించి ఊరిస్తుంది. అత్తయ్యగారి వీసా ఒక్కటి ఆలస్యమైనా మొత్తం పోతుంది.

హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా ఏథెన్స్ వెళ్లొచ్చు. పెద్దావిడకి వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే రాయించండి, హైదరాబాద్, మధ్యలో మారే చోటు, ఏథెన్స్, మూడు ఎయిర్‌పోర్టుల్లోనూ వరుసలు తప్పుతాయి.

డాలస్ సుధ | మార్చి 7, ఉదయం 9:55

ప్లంజ్ పూల్ గురించి రెండు మాటలు. ఫోటోలో ఏకాంతంగా కనిపిస్తుంది గానీ, పై వరుస టెర్రస్‌లో నిలబడినవాళ్లకి మన కొలను మొత్తం కనపడొచ్చు. రవళి గారు చెప్పినట్టు మన కప్పే వాళ్ల వాకిలి. "పైనుంచి చూస్తే కనపడుతుందా" అని అడగండి, కావాలంటే వీడియో పంపమనండి. చాలామంది పంపుతారు.

నీళ్లు వేడి చేస్తారా అన్నది రెండో ప్రశ్న. చేయకపోతే సెప్టెంబరులో కూడా దిగగానే ఒళ్లు జివ్వుమంటుంది. ప్లంజ్ పూల్ అంటే ఈత కొట్టే కొలను కాదు, నాలుగు బారలు ఉంటే ఎక్కువ. పిల్లలున్నవాళ్లు ఇది చదువుతుంటే, అంచున ఉన్న హోటళ్లలో చాలావాటికి పన్నెండు, పదమూడేళ్ల లోపు పిల్లల్ని అనుమతించే పద్ధతి లేదని గమనించండి. ఆ అంచు చూస్తే అది సబబే అనిపిస్తుంది.

కడలి లలిత | మార్చి 12, రాత్రి 8:44

అందరికీ నిజంగా రుణపడి ఉంటాను. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కలిపి ఐదు హోటళ్లకి ఒకే మెయిల్ పంపాను. ఇద్దరు అంకె చెప్పకుండా "సౌకర్యంగా ఉంటుంది" అని మాత్రమే రాశారు, వాళ్లని పక్కన పెట్టాను. ఒకరు రోడ్డు నుంచి గదికి 112 మెట్లని నిజాయితీగా చెప్పి, "మీ అత్తగారికి మా హోటల్ తగదు" అని రాశారు. వాళ్ల మీద గౌరవం కలిగింది.

చివరికి ఇలా అనుకున్నాం. ముందు మెగలోహోరి అనే ఊళ్లో, పాత కానవాని మార్చిన చిన్న హోటల్‌లో. గదులన్నీ ఒకే అంతస్తు, మధ్యలో రాతి వాకిలి, నిమ్మచెట్టు. రేటు ఓయాలో సగం కంటే తక్కువ. తర్వాత చివరి రెండు రాత్రులు ఫిరోస్తెఫానీలో, పై వరుసలో రెండు పడగ్గదుల సూట్. కారు దిగిన చోటు నుంచి గది గుమ్మం దాకా 17 మెట్లు, ఒక పక్క కడ్డీ ఉందని ఫోటో పంపారు. టెర్రస్ పడమర వైపు. సెప్టెంబరులో తీసిన ఫోటో కూడా అడిగి తెప్పించుకున్నాను, సూర్యుడు ఉన్నాడు. అత్తయ్యగారు ఆ కడ్డీ ఫోటో చూసి "పదిహేడేగా, మెల్లగా దిగుతానులే, నాకోసం ఆగిపోకండి" అన్నారు. మావారు ఫావా గురించి చదివి తృప్తి పడ్డారు.

ఒక్క సందేహం. ఏథెన్స్ నుంచి ఫెర్రీయా, విమానమా?

పిరాయస్ హరి | మార్చి 13, ఉదయం 10:20

చాలా మంచి ఏర్పాటు. మెగలోహోరి నాకు ఆ దీవిలో ఇష్టమైన ఊరు. వీధి మీదుగా కమానులా కట్టిన గంటల గోపురం కింద నుంచే నడుస్తారు. అక్రోతిరి తవ్వకాలు కూడా అటువైపే. 1967లో స్పిరిదోన్ మరినాతోస్ మొదలుపెట్టిన తవ్వకాలవి, బూడిద కింద పూడిన ఊరు బయటపడింది. పైన కప్పు ఉంది, నడవడానికి వాలుదారి ఉంది, అత్తయ్యగారు చూడగలరు.

వెళ్లేటప్పుడు పొద్దున్న బయలుదేరే పెద్ద ఫెర్రీ ఎక్కండి. ఎనిమిది గంటల దాకా పడుతుంది గానీ కుదుపు తక్కువ, లిఫ్ట్, ఎస్కలేటర్ ఉంటాయి. పైడెక్ మీంచి కాల్డెరాలోకి ప్రవేశించడం చూడాల్సిన దృశ్యం. వేగంగా పోయే చిన్న ఫెర్రీ ఐదు గంటల్లో చేరుస్తుంది, కానీ అలలుంటే కడుపులో తిప్పుతుంది. శాంటోరినీలోని ఏథినియోస్ రేవులో దిగగానే తోపులాట ఉంటుంది, హోటల్ కారు ముందే చెప్పించుకోండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం విమానమే, ముప్పావు గంట. గాలి ఎక్కువైతే కోస్ట్ గార్డ్ ఓడల్ని ఆపేస్తుంది, ఇంటికి వెళ్లే టికెట్ ముందురోజు అలాంటిది జరిగితే కష్టం. కాబట్టి హైదరాబాద్ విమానానికి ఒక రోజు ముందే ఏథెన్స్‌కి వచ్చేయండి. పిరాయస్ రేవులో ఏ గేటుకి వెళ్లాలో టికెట్ వచ్చాక నాకు మెసేజ్ పెట్టండి.

పాలమూరు శ్రీను | మార్చి 13, మధ్యాహ్నం 12:40

అక్కా, ఇంకొక్కటి. ఆ సూట్‌లో బాత్రూమ్ గుమ్మం దగ్గర గట్టు ఉందా, నేల జారుతుందా కనుక్కోండి. సున్నపు నేల తడిస్తే నున్నగా అవుతుంది. కూర్చుని స్నానం చేయడానికి స్టూల్, జారని చాప రెండూ ఇప్పుడే మెయిల్‌లో అడిగి పెట్టించండి. అక్కడికి పోయినాక అడిగితే దొరకడానికి పూట పడుతుంది.